ఇల్లు కదలని వీరులు

పుట్టిన యూరిలోనే చదివి, ఆ యూరిలోనే ఉద్యోగము వెలగబెట్టి, నేడు ఆ యూరిలోనే పింఛను పుచ్చుకొనుచున్న నావంటివానికి, లోకమునందలి క్రీడోత్సవము లన్నిటిలోను మనసు తగులుకొనినది ఒక్కటే కలదు. అది ఆఫ్రికా ఖండపు ఫుట్‌బాలు సమాఖ్యవారు 2009వ సంవత్సరమున ఐవరీకోస్టు దేశమున ఎనిమిది జట్లతో ఆరంభించిన ఆఫ్రికన్ నేషన్స్ చాంపియన్‌షిప్. ఆటయందు ఆసక్తి గలవారు దానిని ‘చాన్’ అని పొట్టిగా పిలుతురు. ఇందు దేశము తరఫున ఆడగోరువాడు ఎంతటి ప్రజ్ఞావంతుడైనను సరే, ఆ దేశపు లీగులోని క్లబ్బునకే ఆడుచుండవలసి యుండెను. సరిహద్దు దాటి పొట్టపోసికొనువానికి ప్రవేశము లేకుండెను. బంధువర్గమున సగముమంది డల్లాస్‌లోను సిడ్నీలోను స్థిరపడగా, ప్రతి పెండ్లిపందిటిలోను “ఇంకా ఇక్కడే ఉన్నారా?” అను పరామర్శ నాలకించుచు వచ్చిన నేను, ఇంకను ఇక్కడే ఉండుటయే యర్హతగా గల పోటీ యొకటి భూమిపై నున్నదని తెలిసిననాడు, ఆఫ్రికావారికి మనసులోనే సాష్టాంగపడితిని.

పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మనదే యైనను, దానిని నిష్ఠగా ఆచరించినవారు ఆ ఖండపు జాతీయజట్ల శిక్షకులు. అసలు ఆఫ్రికా కప్పు వచ్చునప్పటికి పారిస్, లండన్, మిలాన్ నగరములనుండి దిగిన తారలే మైదానమును నింపుదురు; ఏడాది పొడుగున డకార్‌లోను బమాకోలోను ఆడి స్థానికులను అలరించినవాడు టిక్కెట్టు కొని చూడవలసినదే. ఆ పెరటిచెట్లకొరకు నాటిన తోట ఈ చాన్.

నియమము మాత్రము మిక్కిలి కఠినము. కాంగోనదికి ఒక గట్టున కిన్‌షాసా, ఆవలిగట్టున బ్రాజవిల్. వేరువేరు దేశముల రాజధానులయ్యును ఒకదానినొకటి చూచుకొనుచు నిలిచియుండును. కిన్‌షాసా కుర్రవాడు పడవయెక్కి ఆవలిగట్టు క్లబ్బున చేరినాడా, సాయంకాలము తన పేట దీపములు కంటికి కనబడుచున్నను, చాన్‌వారి లెక్కలో పరదేశి; ఆ పడవ యెక్కక, వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున తన దేశమునందే యున్న లుబుంబాషికి పోయి ఆడెనా, అచ్చమైన స్వదేశి.

ఆ లుబుంబాషియందలి టీపీ మజెంబె క్లబ్బును పదేండ్లకు మించి యంటిపెట్టుకొనియుండిన గోల్‌కీపరు రాబర్ట్ కిడియాబా నా ఆరాధ్యదైవము. తొలి చాన్ ఫైనలున ఘానాను 2-0తో ఓడించిన కాంగో ప్రజాస్వామ్య గణతంత్రపు జట్టులో ఆయనయు నుండెను. తనవారు గోలు కొట్టినప్పుడెల్ల ఆయన నేలపై చతికిలబడి, కాళ్లు ముందునకు చాచి, లేవకయే పిరుదులమీద గెంతుచు సాగిపోవును. 2010లో మజెంబె క్లబ్బు, ఐరోపాకును దక్షిణామెరికాకును చెందని క్లబ్బులలో మొట్టమొదటిదిగా, క్లబ్బుల ప్రపంచకప్పు ఫైనలు చేరినప్పుడు అబుధాబిలో ఈ విన్యాసమును లోకమెల్ల వీక్షించినది. కూర్చుండియే ముందునకు సాగు విద్య మా కచేరీలో కొందరు ఎన్నడో సాధించిరి గాని, వారికెవ్వరును చప్పట్లు కొట్టలేదు.

ఇల్లు కదలనివారి పోటీకి తనకంటూ ఇల్లు కుదరకపోవుట విధివిలాసము. 2018లో కెన్యాయందు జరుగవలసినది సన్నాహములు సాగక మొరాకోకు తరలినది. ఇథియోపియాకు నిర్ణయించిన 2020 నాటి పోటీ కామెరూనునకు మారి, అక్కడను మహమ్మారి మూలమున 2021 జనవరి వచ్చువరకు తల యెత్తలేదు. 2022 నాటిది 2023లోను, 2024 నాటిది 2025 ఆగస్టులోను నడచుటచే, ఆ మూడుమారులును కప్పుమీది సంవత్సరమునకును గోడమీది క్యాలెండరునకును పొత్తు కుదరనేలేదు. 2023లో అల్జీరియా యాతిథ్య మిచ్చినప్పుడు మరియొక చిత్రము జరిగినది. రెండుమారులు వరుసగా గెలిచిన మొరాకోవారు, తమ విమానములకు అల్జీరియా గగనమార్గము మూసివేయబడియుండుటచే, రబాత్ నుండి కాన్‌స్టాంటీన్‌కు నేరుగా ఎగిరిపోనిచ్చినగాని రామని పట్టుబట్టి, కడకు రానేలేదు. పొరుగుదేశమే యయ్యెను; గోడ దూకి రాదగినంత దగ్గర. ఇంటిపట్టున నుండువారి పోటీలో ఇంతకు మించిన నిష్ఠ ఎవ్వరు చూపగలరు?

ఇక అసలు మర్మమునకు వత్తును. 2018 పోటీలో బెర్కాన్ క్లబ్బువాడగు అయ్యూబ్ ఎల్ కాబీ తొమ్మిది గోలులు కొట్టి, ఫైనలున నైజీరియాను 4-0తో చిత్తుచేసిన మొరాకోకు తలమానికమై వెలసెను. ఇల్లు వదలనివారిలో మేటి యితడేయని డప్పు కొట్టించిరి. డప్పు మ్రోత చల్లారకముందే అతడు ప్రపంచకప్పు జట్టున చేరి రష్యాకు, అచ్చటి ముచ్చట ముగియగానే చైనాలోని హెబెయ్ క్లబ్బునకు పోయెను. 2024లో గ్రీసుదేశపు ఒలింపియాకోస్‌కు ఐరోపా కాన్ఫరెన్స్ లీగును గెలిపించిన గోలు గూడ అతనిదే. అనగా చాన్‌లో రాణించుటయే చాన్‌కు అనర్హుడగుటకు రాజమార్గము. మెట్లమీద కూర్చుండిన పెద్దమనుష్యులలో చప్పట్లు కొట్టువారు కొందరు, వెల కట్టువారు మరికొందరు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మన పెద్దలు, ఇంట గెలిచినవాడు మరల ఇంట నిలువడను రహస్యమును మాత్రము దాచిరి. నేనతనిని తప్పుపట్టను. ఉద్యోగకాలమంతటిలోను నన్ను కొనిపోవ నెవ్వడును రాలేదు గనుక, నా స్వస్థలనిష్ఠకు వెల యెంతయో తేలనేలేదు.

2025లో పోటీ ఎట్టకేలకు కెన్యా, టాంజానియా, ఉగాండాలకు వచ్చినది. ఆతిథేయుడైన కెన్యా అధ్యక్షుడు విలియం రూటో తన ఆటగాండ్రకు గెలుపునకు తలకు పదిలక్షల షిల్లింగులు ప్రకటించెను. ఆ ధాటికి మొరాకోయే 1-0తో ఓడి తలవంచినది. ఉత్సాహము పట్టలేక అధ్యక్షులవారు, సెమీఫైనలు చేరినచో ఒక్కొక్కనికి రెండు పడకగదుల ఇల్లిత్తునని సెలవిచ్చిరి. అంతదనుక ఆటవైపు కన్నెత్తి చూడని నా ధర్మపత్ని, ఇల్లను మాట చెవినబడుటతోడనే వంటింటనుండి వచ్చి, చేయి తుడుచుకొనుచు నా ప్రక్కన కూర్చున్నది.

“కట్టినవే ఇస్తాడా, కట్టించి ఇస్తాడా అండీ?” అని యడిగినది. అధ్యక్షుడు ఇంతవరకు తెలుపలేదంటిని.

క్వార్టర్‌ఫైనలున మడగాస్కరుతో ఆట 1-1గా నిలిచినది. నైరోబీ నగరపు కసరాని మైదానమున పెనాల్టీలు మొదలయ్యెను. ఒక్కొక్క తన్నునకు ముందు నా ధర్మపత్ని “వంటిల్లు తూర్పున ఉండేలా చూసుకోండి నాయనా” అని ఆటగాండ్రను హెచ్చరించుచుండెను. మడగాస్కరువారు 4-3తో గెలిచిరి. తాళపుచెవులు అధ్యక్షుని జేబులోనే మిగిలెను. ఆ రాత్రి మా యింట పప్పులో ఉప్పు తగ్గినది.

ఆగస్టు 30న ఫైనలు. ఆ మడగాస్కరుకే ఎదురు నిలిచిన మొరాకో, ఉసామా లమ్లియూయీ మిక్కిలి దూరమునుండి గోల్‌కీపరు తలమీదుగా పంపిన బంతితో, 3-2తో మూడవమారు విజేతయైనది. నేను కుర్చీనుండి లేచి కేకవేయగా, బియ్యము ఏరుచున్న నా ధర్మపత్ని తల యెత్తకయే యడిగినది:

“వీళ్లకేమిస్తారుట?”

“కప్పు.”

“ఆ కప్పు పెట్టుకోవడానికైనా ఓ ఇల్లుండొద్దటండీ?”