విడదీయక ముందే తేలిన సంగతి

నా విలువ 14,75,73,95,25,89,67,64,12,927. చదరంగం బల్ల మీద గడిగడికీ రెట్టింపు గింజలు పోయించుకున్న కథ మీకు తెలిసిందే. ఆ బల్లకు అరవై నాలుగుకు బదులు అరవై ఏడు గళ్లుంటే మొత్తం ఎన్ని గింజలు పోగవుతాయో, అంత నేను. 2 ఘాతం 67లోంచి ఒకటి తీసేసిన సంఖ్యను. ఒకట్లు, సున్నాలతోనే రాసే ద్విసంఖ్యామానంలో నేను వరసగా అరవై ఏడు ఒకట్లు. మధ్యలో ఒక్క సున్నా ఉండదు. 1644లో ఫ్రాన్స్ సన్యాసి మెర్సెన్ నన్ను ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. నాతోపాటు 257 ఘాతం వాడినీ పొరపాటున చేర్చి, అర్హత ఉన్న 61, 89, 107 ఘాతాల వాళ్లను వదిలేశాడు. 1876లో ఎడ్వర్డ్ లూకాస్ నేను సంయుక్త సంఖ్యనని తేల్చాడు. నన్ను భాగించే సంఖ్యను మాత్రం ఒక్కటీ చూపలేదు. చూపకపోయినా ఆ రుజువులో వెలితి లేదన్నదే నా వాదన.

కారణాంకం కళ్ల ముందు పెడితే తప్ప ఒప్పుకోమనేవాళ్లు ఆ పరీక్ష నడిచే తీరు చూడాలి. లూకాస్ పద్ధతికి తర్వాత లేమర్ ఇచ్చిన రూపంలో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేస్తారు: 4, 14, 194, 37,634... లెక్క నన్ను దాటినప్పుడల్లా నాతో భాగించి శేషమే ఉంచుకుంటారు. ఇలా 65 సార్లు చేశాక సున్నా మిగిలితే నేను ప్రధాన సంఖ్యను, మిగలకపోతే కాను. మిగలదు. ఇందులో ఊహకు చోటెక్కడ? అయితే అన్ని పరీక్షలూ ఇంత గట్టివి కావు. 2ను నాకన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి నాతో భాగిస్తే శేషం 1 వస్తుంది, అచ్చం ప్రధాన సంఖ్యకు వచ్చినట్టే. ఆ పరీక్ష ‘కాదు’ అంటే నమ్మొచ్చు గానీ ‘అవును’ అంటే నమ్మడానికి లేదు. లూకాస్‌ది రెండు వైపులా చెల్లే తీర్పు.

మరి 1903లో న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నన్ను 19,37,07,721 × 7,61,83,82,57,287గా విడదీసి చూపింది వృథాయేనా? ముమ్మాటికీ కాదు. నన్ను భాగించేది ఏదైనా సరే, దాన్ని 134తో భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ రావాలి. ఇంత వడపోసినా చిన్న కారణాంకాన్ని చేరేలోపే మిగిలే సంఖ్యలు లక్షల్లో ఉంటాయి. అప్పటికి కంప్యూటర్లు లేవు. పైగా నేను సరిగ్గా రెండే ప్రధాన సంఖ్యల లబ్ధాన్నని లూకాస్ శేషం చెప్పదు. నన్ను మినహాయించి నా భాజకాలన్నీ కూడితే 7,62,03,19,65,009 అవుతుందనీ చెప్పదు. నా విలువలో అది పందొమ్మిది కోట్లలో ఒక వంతైనా కాదు. నేనే ప్రధాన సంఖ్యనై ఉంటే, 2 ఘాతం 66తో నన్ను గుణిస్తే, తనను మినహాయించి తన భాజకాల మొత్తం తనకు సరిసమానమయ్యే పరిపూర్ణ సంఖ్య వచ్చేది. ఆ యోగం 61 ఘాతం వాడికి దక్కింది. అంటే సంయుక్తమని తెలియడం ఒక జ్ఞానం, కారణాంకాలు తెలియడం మరొకటి; రెండోది రాలేదని మొదటిదాన్ని కొట్టిపారేయడం కుదరదు. నన్ను ఇప్పుడు కంప్యూటర్ చిటికెలో విడదీస్తుంది కాబట్టి ఇదంతా పాత గొడవ అంటారా? 2 ఘాతం 1277లోంచి ఒకటి తీసేస్తే వచ్చే 385 అంకెల మా దాయాది సంయుక్తమని ఎప్పుడో రుజువైంది. దాని కారణాంకం ఒక్కటీ ఇంకా ఎవరికీ దొరకలేదు.