కుక్కనడక పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, దాని చుట్టుపక్కల రెడ్‌మండ్, బాతెల్, సమామిష్. ఈ ప్రాంతంలో తెలుగువాళ్లకు కొదవ లేదు, కుక్కలకు అసలే లేదు. ఆలుమగలిద్దరూ ఆఫీసులకు పోయాక ఇల్లు కాయవలసిన కుక్కను కాయడానికే ఒక మనిషి కావలసి వస్తాడు. మధ్యాహ్నం దాన్ని ఓ అరగంట వీధిలో తిప్పడానికి, యజమానులు ఊరెళితే రాత్రి దానికి తోడు పడుకోవడానికి, యాప్‌లో వెతికి మనిషిని పిలుచుకోవడం అక్కడి ఆచారం.

ఈ శాస్త్రానికి పీఠాలు అనేకం. 2011లో సియాటిల్‌లోనే వెలిసిన రోవర్ వాటిలో పెద్దది. గ్రెగ్ గాట్స్‌మన్ అనే పెట్టుబడిదారు తన లాబ్రడార్‌ను కుక్కల బోర్డింగులో వదిలి, చేదు అనుభవం పొంది, ఇరుగుపొరుగు ఇళ్లలోనే కుక్కలను చూసుకునే ఏర్పాటు ఉండాలని సంకల్పించాడని దాని స్థలపురాణం. 2015లో లాస్ ఏంజిలిస్‌లో వాగ్ వచ్చింది. 2023 నవంబరులో బ్లాక్‌స్టోన్ సంస్థ రోవర్‌ను సుమారు 230 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఇంత ధనం చేరిన శాస్త్రానికి లక్షణ పద్యం ఒక్కటైనా లేకపోతే బాగుండదని ఎవరో ఈ ఆటవెలది చెప్పారు. కవి పేరు తెలియదు. సంచి మాట రెండో పాదంలోనే ఎత్తుకున్నాడు గనుక అనుభవజ్ఞుడనడంలో సందేహం లేదు.

మూలం

కుక్కనడక కొఱకుఁ గోరి వచ్చినయట్టి
సంచి లేనివాఁడు సగమువాఁడు
తార లయిదు వచ్చు దారి యొక్కటె సుమ్ము
తోక యూఁగెనేని దొరకు ఫలము

ప్రతిపదార్థం

కుక్కనడక కొఱకున్ = శునకమును వీధిలో త్రిప్పి తెచ్చు కార్యము కొఱకు; కోరి వచ్చినయట్టి = యాప్‌లో తన ఫొటోను, తన రేటును తానే పెట్టుకొని వచ్చినట్టి; సంచి లేనివాఁడు = మలము నెత్తు సంచి జేబులో లేనివాఁడు; సగమువాఁడు = సగము మనిషి మాత్రమే; తారలు అయిదు = యజమాని యొసఁగు చుక్కలు అయిదును; వచ్చు దారి = లభించు మార్గము; ఒక్కటె సుమ్ము = ఒకటియే సుమా; (అది యేదనఁగా) తోక ఊఁగెనేని = ఆ శునకముయొక్క వాలము కదలెనేని; ఫలము = కూలియు, కీర్తియు; దొరకున్ = లభించును.

తాత్పర్యం

కుక్కను తిప్పే పనికి వచ్చినవాడి దగ్గర సంచి లేకపోతే అతడు పూర్తి మనిషి కాడు. యజమాని చేత అయిదు చుక్కలు వేయించుకునే ఉపాయం ఒకటే: కుక్కను సంతోషపెట్టడం. అది తోక ఊపితే తక్కినవన్నీ వాటంతటవే వస్తాయి.

విశేషాలు

"కుక్కనడక" ఏ సమాసమన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. కుక్కయొక్క నడక అని షష్ఠీ తత్పురుష చెప్పినవారు ముసలి బీగిల్‌ను తిప్పినవారు. కుక్కకొఱకు నడక అని చతుర్థి చెప్పినవారు యజమానులు. కుక్కచేత నడక అని తృతీయ చెప్పినవారు ఉడుతను చూసిన హస్కీ వెనకాల పోయినవారు. ఈ మూడో విగ్రహం చెప్పినవారిలో చాలామందికి కుడి భుజం నొప్పి. ప్రత్యక్ష ప్రమాణం ముందు వ్యాకరణం నిలవదు గనుక తృతీయయే గ్రాహ్యం.

"కోరి వచ్చిన" అనడంలో అధికారి నిర్ణయం ఉంది. ఈ వృత్తికి అధికారి ఎవరు? యాప్ చేసే పూర్వచరిత్ర పరిశీలన దాటినవాడు అధికారి అని స్థూలదృష్టి. మనవాళ్ల విషయంలో వీసా శాస్త్రం కూడా చూడాలి. ఎఫ్-1 మీద చదువుకునే విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట కూలికి పనిచేయరాదు; కుక్కతో చేసినా, యాప్ ద్వారా చేసినా అది పనే. హెచ్-4 మీద ఉన్న భార్యకో భర్తకో, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం పోయిన కుటుంబమైతే, 2015 మే నుంచి పని అనుమతి పత్రం దొరుకుతోంది, వారు అధికారులు. ఆరు నెలలకు చూడవచ్చిన నాన్నగారు కొడుకు కుక్కను ఉదయం, సాయంత్రం తిప్పితే అది వృత్తి కిందకు రాదు. ఆయనకు కూలి లేదు, చుక్కలు లేవు, "నాన్నా, పక్కింటివాళ్ల గడ్డి మీదికి పోనీకండి" అన్న ఉపదేశం మాత్రం ఉంది.

"సంచి లేనివాఁడు" అనడం అతిశయోక్తి కాదు, ధర్మశాస్త్రం. సియాటిల్ నగర నియమావళిలో మలం ఎత్తకపోవడం ఒక తప్పు. ఎత్తే సాధనం చేత లేకుండా కుక్కతో వీధిలోకి రావడం మరో తప్పు. కుక్క ఏ పాపం ఎరగకుండా తిరిగొచ్చినా, ఖాళీ జేబుతో బయలుదేరినవాడు అపరాధే. ఫలం పుట్టకముందే సాధనం లేకపోవడాన్ని దోషంగా గణించిన ఇలాంటి నియమం మన మీమాంసకుల కంటబడితే ఎంతో మెచ్చుకునేవారు.

"సగమువాఁడు" అన్నచోట కొందరు నింద చూశారు, నేను లెక్క చూస్తున్నాను. అరగంట నడక పాతిక డాలర్లనుకుందాం. రోవర్‌లో నడిపించేవాడి వాటాలోంచి సాధారణంగా 20 శాతం కోత. అయిదు పోయి ఇరవై మిగిలాయి. యజమాని నుంచి పుచ్చుకునే రుసుము వేరు, ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. నడిపించేవాడు ఉద్యోగి కాడు, స్వతంత్రుడు. ఆ స్వాతంత్ర్యానికి స్వయం ఉపాధి పన్ను రేటు 15.3 శాతం. పైన ఆదాయపన్ను. ఆపైన ఒక కుక్క ఇంటినుంచి మరో కుక్క ఇంటికి పోయే పెట్రోలు, పార్కింగు కోసం వీధి చుట్టూ తిరిగిన కాలం. ఆ కాలానికి కూలి కట్టే యాప్ లేదు. ఇవన్నీ తీసి చూస్తే సంచి ఉన్నవాడికీ చేతికొచ్చేది సగం దరిదాపే. కాబట్టి కవి "సంచి లేనివాఁడు సగమువాఁడు" అన్నాడు గాని, సంచి ఉన్నవాడు పూర్ణుడని ఎక్కడా అనలేదు. ఈ మౌనాన్ని గమనించాలి.

శంక: మరి యజమానితో నేరుగా మాట్లాడుకుంటే ఆ ఇరవై శాతం మిగలదా? సమాధానం: మిగులుతుంది. కానీ యాప్‌లో దొరికిన ఇంటిని యాప్ దాటించకూడదని నిబంధన. దాటిస్తే ఖాతా పోవచ్చు; కుక్కకు దెబ్బ తగిలితే వైద్యానికి యాప్ ఇచ్చే షరతులతో కూడిన హామీ కూడా వర్తించదు. లోభం ఒక పక్క, భయం ఒక పక్క. మధ్యలో ఇరవై శాతం.

"తార లయిదు": జ్యోతిషానికి ఇరవై ఏడు నక్షత్రాలు కావాలి, ఈ శాస్త్రానికి అయిదు చాలు. నాలుగంటే మంచిదే కదా అనుకోవడం కొత్తవాళ్ల లక్షణం. ఇక్కడ నాలుగు చుక్కలంటే స్తుతి వేషంలో నింద. ఒక్క చుక్క అయితే ఆదిపర్వం చూడాలి. జనమేజయుడి తమ్ముళ్లు యజ్ఞం దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను ఊరకే కొట్టారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను కొట్టినందుకు మీకు అనుకోని ఆపద వస్తుందని శపించింది. అంత సార్వభౌముడూ బెదిరిపోయి, ఆ దోషం పోగొట్టే పురోహితుణ్ణి వెతుక్కుంటూ ఆశ్రమాల వెంట తిరిగాడు. కుక్క పక్షాన దాఖలైన ఒంటి చుక్క రివ్యూ ఇదే. నేటికీ రివ్యూలు మనుషులే రాస్తున్నారు గనుక సరమ పని యజమాని చేస్తున్నాడు. కుక్క అభిప్రాయం ఎక్కడ నమోదవుతుందన్నది అసలు ప్రశ్న. కవి చివరి పాదంలో దానికి సమాధానం దాచాడు.

"దారి యొక్కటె": ఇక్కడ శ్లేష. నడక మొదలుపెట్టగానే ఫోనులో జీపీఎస్ గీత గీస్తూ పోతుంది. మూత్రం ఎక్కడ, మలం ఎక్కడ అన్న గుర్తులు పటం మీద పడతాయి. ఒక ఫొటో, నాలుగు వాక్యాల చీటీ జతపడతాయి. యజమాని మీటింగులో కూర్చుని ఈ పటాన్ని చూసుకుంటాడు. అంటే నడిపించేవాడు ఏకకాలంలో రెండు పనులు చేస్తున్నాడు: కుక్కను తిప్పడం, తిప్పినట్టు చూపించడం. మొదటిదానికి కుక్క సాక్షి, రెండోదానికి యజమాని.

పటంలో పడనివి కొన్ని ఉన్నాయి. సియాటిల్ సన్నవాన కురుస్తుంటే గుమ్మం పక్క వేలాడే తాళపుచెవి పెట్టె ముందు నిలబడి, తడి బొటనవేలితో నాలుగంకెలూ తిప్పాలి. మూడో అంకె దగ్గర చక్రం జారుతుంది. తలుపు కింది సందులోంచి లోపలి ముక్కు అప్పటికే చెప్పు వాసన పట్టి, గోళ్లతో నేలను గీకుతుంటుంది. తిరిగొచ్చాక గడప దగ్గరే ఆపి, పాత తువ్వాలుతో నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే ఎత్తి, వేళ్ల సందుల్లో బురద తుడవాలి. మూడు కాళ్లు బుద్ధిగా ఇచ్చిన కుక్క నాలుగోది ఇవ్వదు. బతిమాలాలి. ఆ బతిమాలడమే ఈ విద్యలో కీలకం. దానికి గుర్తు ఏ పటంలోనూ లేదు.

"తోక యూఁగెనేని": ఊగితే చాలునా, ఎటు ఊగాలి? 2007లో ఇటలీ పరిశోధకులు క్వరాంటా, సినిస్కాల్కి, వల్లోర్టిగరా ఈ సంగతి పరీక్షించారు. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక కుడివైపు ఎక్కువ ఊగింది. తమపై పెత్తనం చేసేలా ఉన్న కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపు మొగ్గింది. కుడి ఎడమలంటే కుక్క కుడి ఎడమలే, చూసేవాడివి కావు. కాబట్టి తోక ఊగగానే ఫలం దొరికిందని సంచి చంకన పెట్టుకుని పోరాదు. నిటారుగా లేచి బిర్రబిగిసి ఊగే తోక ఆహ్వానం కాదు, హెచ్చరిక. కవి "ఊఁగెనేని" అని చేదర్థకం వాడాడు. "ఊఁగును" అని హామీ ఇవ్వలేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం "ఫోను మ్రోఁగెనేని దొరకు ఫలము" అని ఉంది. డబ్బు జమ అయినట్టు ఫోను మోగడమే ఫలమని వారి భావం. "ఫో"కు "దొ"తో యతి చెల్లదు గనుక ఆ పాఠం త్యాజ్యం. అర్థం మాత్రం లోకసమ్మతం.

శంక: స్వర్గారోహణవేళ కుక్క ధర్మరాజు వెంట నడిచింది కదా, ఈ వృత్తికి ఆయన ఆదిపురుషుడు కాడా? సమాధానం: కాడు. అక్కడ కుక్క తానై వెంట వచ్చింది, ఎవరూ బుక్ చేయలేదు. పైగా మెడకు తాడు లేదు. సియాటిల్‌లో బహిరంగ స్థలాల్లో ఎనిమిది అడుగులకు మించని లీష్ ఉండితీరాలి. మాగ్నసన్ పార్కులాంటి ప్రత్యేకించిన ఆవరణలకు మాత్రం మినహాయింపు. స్వర్గానికి పోయే దారి ఆ జాబితాలో లేదు.

పాకనిర్ణయం: ఈ పద్యాన్ని ద్రాక్షాపాకమని పొగిడినవారున్నారు. ఆ మాట అనరాదు. ద్రాక్షపళ్లు, కిస్మిస్‌లు కుక్క మూత్రపిండాలను చెడగొడతాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమై ఉంటుందని 2021లో ఏఎస్‌పీసీఏ విషనివారణ కేంద్రం నిపుణులు వెల్లడించారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. అందుచేత కుక్కను మన ఇంట్లో ఉంచుకున్న రోజున పులిహోర పళ్లెం కింద పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలకు చేటు గనుక కూరలన్నీ నిషిద్ధం. చాక్లెట్, జైలిటాల్ వేసిన చక్కెర లేని బబుల్‌గమ్ మరీ నిషిద్ధం. మన వంటింట్లో దానికి పనికొచ్చేవి వట్టి అన్నం, ఓ అరటిపండు ముక్క. కాబట్టి ఈ పద్యం కదళీపాకం.

అలంకారం: కార్యకారణాలు తలకిందులైనట్టు చెప్పడం. చుక్కలు వస్తే పని దొరుకుతుందని లోకం. పని బాగుంటే తోక ఊగుతుంది, తోక ఊగితే చుక్కలని కవి. రెండూ నిజమే, కాలం వేరు. చుక్కలు తెచ్చేది మొదటి పిలుపు. పటం, ఫొటో, ముచ్చటైన ప్రొఫైలు చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు పిలుస్తారు. రెండో పిలుపు తెచ్చేది తోక. మరునాడు అదే మనిషి గుమ్మంలోకి రాగానే కుక్క సోఫా కిందికి దూరిందా, లీష్ నోట కరుచుకుని ఎదురొచ్చిందా అన్నది యజమాని తలుపు దగ్గరి కెమెరాలో చూస్తాడు. కుక్క రివ్యూ రాసే చోటు ఆ గుమ్మమే. ఈ వృత్తిలో నిలదొక్కుకున్నవాళ్లు వారం వారం పిలిచే నాలుగైదు ఇళ్లతో బతుకుతారు గాని, రోజుకో కొత్త కుక్కతో కాదు. "ఫలము" అని కవి ఏకవచనం వాడింది ఈ రెండో పిలుపునుద్దేశించే.

మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞ చేయలేదు గనుక దోషం లేదు.

ఫలశ్రుతి

ఈ టీకను చదివిన యజమానులకు తువ్వాలు ఎక్కడుందో, మందు ఏ వేళకో ముందే చీటీలో రాసే బుద్ధి, పండగల్లో టిప్పు ఇచ్చే చేయి కలుగుగాక. చదివిన నడిపించేవారికి జారని తాళం, ఉడుతలు లేని వీధి, నాలుగో కాలు కూడా ఇచ్చే కుక్క దొరుకుగాక. ఇందువల్ల కలిగే పుణ్యంలో ఇరవై పాళ్లు యాప్‌కు పోను, మిగిలిన ఎనభై పాళ్లు, పన్ను కోతకు లోబడి, అయిదు పనిదినాల్లో పఠితల ఖాతాలో జమ అగును.