మూషిక సూత్రము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక: ఎడమచేతి వాటము గల శిష్యుడొకడు లినక్స్ డెస్క్‌టాప్ ముందు కూర్చుండి, మౌస్‌ను కీబోర్డుకు ఎడమ ప్రక్కకు జరుపుకొనెను. చూపుడువేలు కుడి బటన్‌పై పడెను. ఫోల్డర్ తెరువబోయిన ప్రతిసారియు మెనూ తెరుచుకొనెను. అంతట గురువు కరుణించి, టెర్మినల్‌లో ఈ సూత్రమును ఉపదేశించుచున్నాడు.

మూలము:
ఎక్స్‌మోడ్‌మ్యాప్ -ఇ "పాయింటర్ = 3 2 1"

ప్రతిపదార్థము: ఎక్స్‌మోడ్‌మ్యాప్ = ఎక్స్ విండో వ్యవస్థలో కీలను, బటన్లను మార్చి కూర్చెడి ఓ ఉపకరణమా!; -ఇ = ఫైలు కొరకు వెదకక, ఇదిగో ఈ వాక్యమునే పాటించి; పాయింటర్ = మౌస్ బటన్ల వరుసను; 3 = ఎడమ బటన్ మూడవదానివలెను; 2 = నడిమి బటన్ ఎప్పటివలెను; 1 = కుడి బటన్ మొదటిదానివలెను; (నడుచునట్లు చేయుము అని శేషము).

తాత్పర్యము: కుడి నొక్కిన ఎంపిక, ఎడమ నొక్కిన మెనూ.

విశేషములు: అంకె కూర్చున్న చోటు అసలు బటన్‌ను, అంకె దాని కొత్త పనిని చెప్పును. "ఒకటి మూడగునా, మూడు ఒకటగునా" అని తగవులాడువారు కలరు. రెండును పరస్పరము చోట్లు మార్చుకొనినవి గనుక ఎటు చదివినను ఫలమొక్కటే. తగవు వృథా.

గురువు 2ను ముట్టకుండుట ఊరక కాదు. ఎక్స్‌లో మాటలను మౌస్‌తో ఎంచినంత మాత్రాన, కంట్రోల్-సి అక్కరలేకయే, నడిమి బటన్ నొక్కిన చోట అవి అతుకుకొనును. ఈ భోగము మరిగినవాడు దానిని వదలడు. రెండే బటన్ల మౌస్ గలవారు రెండింటిని ఒక్కసారి నొక్కి ఈ ఫలమును పొందెడివారు. డిఫాల్ట్‌గా 50 మిల్లీసెకన్లలోపల రెండు వేళ్లును పడవలెను. చేయి తిరిగినవారికే అది సాధ్యము.

"మరి చక్రమేది?" అని పూర్వపక్షము. చక్రమును పైకి త్రిప్పుట 4వ బటన్ నొక్కుట, క్రిందికి త్రిప్పుట 5వది నొక్కుట. ఎక్స్ మతమున అంతయు నొక్కుటయే. అందుచేతనే సూత్రము నడిపినంతనే, పది బటన్లలో మొదటి మూడే మార్చుచున్నానని హెచ్చరిక రావచ్చును. పది బటన్లెక్కడివని మౌస్‌ను తిరగవేసి చూడనక్కరలేదు. అది తప్పు కాదు, పని జరిగినది.

పాఠాంతరము: "1 2 3 5 4". ఫోన్‌లో వ్రేలితో తోసినట్లు పేజీ జరుగవలెననువారు ఈ పాఠమును గ్రహింతురు. జీటీకే 3తో వ్రాసిన ప్రోగ్రాములు పెక్కు చక్రపు కదలికను వేరు దారిన చదువుకొనును గనుక దీనిని లెక్కచేయవు. ఒక విండోలో పైకి, వేరొక విండోలో క్రిందికి! ఈ పాఠము మాకు సమ్మతము కాదు. లిబ్‌ఇన్‌పుట్‌లోని నేచురల్ స్క్రోలింగే శరణ్యము.

లాగౌట్ అయినచో సూత్రబలము నశించును. లాగిన్ కాగానే నడిచెడి ప్రోగ్రాముల పట్టికలో పై పంక్తిని చేర్చుట దానికి పరిహారము. బుద్ధి మారి పూర్వస్థితి కోరువారు అంకెలకు బదులు "డిఫాల్ట్" అని వ్రాయవలెను.

వేలాండ్‌లో ఈ సూత్రము చెల్లదు. గ్నోమ్‌లోనైతే సెట్టింగ్స్‌లోని మౌస్ పుటలో ప్రైమరీ బటన్ కుడిదని ఎంచుకొనిన చాలును, సూత్రమక్కరలేదు. కావున పాఠకులారా, దీనిని కంఠస్థము చేయుటకు ముందు టెర్మినల్‌లో "ఎకో $ఎక్స్‌డీజీ_సెషన్_టైప్" అని కొట్టి, మీరున్నది ఎక్స్11లోనో వేలాండ్‌లోనో తెలిసికొనుడు.