సశేషం మాస్టారు

ఊరికొక సశేషం మాస్టారు ఉంటారు. మా పేటలో ఉన్నాయన రిటైరైన తెలుగు పండితుడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. "నవల ఎందాకా వచ్చింది మాస్టారూ?" అని ఎవరడిగినా "అయిపోవచ్చిందోయ్, ఇంకాస్త ఉంది" అంటారు గనక ఊరివాళ్ళు ఈ పేరు పెట్టారు. ఆ ఇంకాస్తకీ, ఆయన రెండో కూతురికీ ఒకటే వయసు. ఆ పిల్లకి పెళ్ళయి, దాని పిల్లలు బడికి కూడా వెళుతున్నారు.

ఆయన సాహిత్య సర్వస్వం మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంటుంది. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, ఆ తర్వాత పురికొసతో కట్టిన ఫైళ్ళు. ఒక్కో ఫైలు మీదా స్కెచ్ పెన్నుతో నవల పేరు, దాని కింద గీత, గీత చివర చిన్న పువ్వు. లోపలున్నవి పాత పరీక్ష పేపర్లు. ముందువైపు "క్రింది పదములను విడదీసి సంధి పేరు వ్రాయుము", వెనకవైపు నాయిక విరహం. మాస్టారి నవలలన్నీ తెల్లవారుజామున మొదలవుతాయి. కోడి కూస్తుంది, మంచుతెర తొలుగుతుంది, నాయిక కళ్ళాపి చల్లుతుంది. ఇన్ని నవలల్లో ఒక్కటీ మధ్యాహ్నం భోజనాల దాకా వెళ్ళలేదు.

కథ నడవదు గాని కథ చుట్టూ పనులన్నీ నడుస్తాయి. అంకితం ముందే సిద్ధం. మొదట బావమరిదికి ఇచ్చారు. పొలం గట్టు తగాదా వచ్చాక కొట్టేసి తమ్ముడికిచ్చారు. తమ్ముడు చదివి, "అన్నయ్యా, పుస్తకమేదీ?" అన్నాడని అదీ కొట్టేశారు. ముఖచిత్రానికి ఆర్టిస్టుకి అడ్వాన్సు ఇచ్చారు. ఆవిష్కరణ సభకి హాలు అద్దె కనుక్కొచ్చారు, మైకుతో ఎంత, మైకు లేకుండా ఎంత అని విడివిడిగా. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి వెళితే, పెద్ద నవలొకటి తీసి ఎంత లావుందో వేళ్ళతో కొలిచి, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేస్తారు.

దివిసీమ నవల సంగతి వేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మీద రాద్దామని సెలవులన్నీ పెట్టి అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక తిరిగారు. వాకిళ్ళలో కూచుని, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడి, దిగాక తన ఊరు ఏ దిక్కునుండేదో పోల్చుకోలేకపోయిన ముసలాయన మాటలు ఆ నోటుపుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాలైతే నిండాయి. నవల మాత్రం మామూలుగా కళ్ళాపి దగ్గరే ఆగింది.

ఎవరైనా మరీ గుచ్చిగుచ్చి అడిగితే మాస్టారు రాజమహేంద్రవరం వెళ్ళిపోతారు. "నన్నయంతటివాడికే భారతం పూర్తికాలేదోయ్! అరణ్యపర్వం సగంలో ఆగింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలింది ఎర్రన పూరించాడు. నేనెంత?"

జవాబు వంటింట్లోంచి వస్తుంది. "ఆయన రెండు పర్వాలు ముగించి మూడోదాంట్లో ఆగారండీ. మీరు అంకితం ముగించి ఆగారు. మీకోసం ఏ ఎర్రన వస్తాడు? వచ్చినా కాఫీ పెట్టాల్సింది నేనేగా!"

మాస్టారు అక్కణ్ణుంచి విజయనగరం చేరతారు. "గురజాడవారు కొండుభట్టీయం, బిల్హణీయం సగంలోనే వదిలేశారు, తెలుసా?"

"తెలుసు. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని మళ్ళీ తిరగరాసి 1909లో అచ్చువేయించారనీ తెలుసు. మొన్న మీరే చెప్పారు."

ఇంట్లోవాళ్ళకి పాఠాలు చెబితే వచ్చే చిక్కే ఇది.

నవ్వుకుంటాం గాని, ఆయన బాధ ఆయనది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించేశారు, పంక్తిలో పక్కనున్నాయన సాంబారు వడ్డించే లోపల నవల సంగతి ఎత్తుతాడని. రాయనందుకు కాదు, రాస్తున్నానని ప్రతివాడికీ చెప్పాల్సి వస్తున్నందుకు మనిషి చిక్కిపోయారు.

పెన్షనర్లంతా కలిసి లేపాక్షి వెళ్ళినప్పుడు మార్పు మొదలైంది. వీరభద్రస్వామి గుడి ఆవరణలో సగంలో ఆగిన కల్యాణమంటపం ఉంది. స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. గైడు విరూపణ్ణ కథ ఎత్తుకున్నాడు. ఖజానా సొమ్ము గుడికి తగలేశాడని రాజుకి కోపమొచ్చిందనీ, పని ఆగిపోయిందనీ చెబుతున్నాడు. "ఖజానా అంటే గుర్తొచ్చింది, ఆ ఆర్టిస్టు అడ్వాన్సు వెనక్కిచ్చాడా?" అందావిడ. మాస్టారికి వినపడలేదు. ఆయన స్తంభం మీది దేవుడి మెళ్ళో హారాలు చూస్తున్నారు. కప్పు పడదని చెక్కినవాడికి తెలిసుండదు. చెక్కినంతమేర మాత్రం పూస పూసా విడిగా కనిపిస్తోంది. చుట్టూ ఉన్న జనంలో కప్పెప్పుడు వేస్తారని అడిగేవాడు ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె బయటికి లాగారు. తెల్లవారుజాములన్నీ వరసగా ఆవిడకి చదివి వినిపించారు.

"ఎలా ఉన్నాయి?"

"మొదటిది బావుంది. మిగతావన్నీ అదే."

జీవితమంతా పేపర్లు దిద్దిన చెయ్యి గదా, ఎర్రసిరా పెన్ను తీశారు. నవలగా బతకదని తేలిన ప్రతి ఫైలు మీదా "ఆగిపోయినది" అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం రెండు గ్లాసుల మజ్జిగ తాగి హాయిగా నిద్రపోయారు. దివిసీమ నోటుపుస్తకాలు మాత్రం బల్లమీదే ఉంచుకున్నారు. తాటిచెట్టు ముసలాయన రాత్రిని నాలుగు పేజీల్లో రాసి ఒక పత్రికకి పంపారు. అచ్చయింది. అందులోనూ తెల్లవారుతుంది గాని, చివర్లో తెల్లవారుతుంది.

ఇప్పుడు పెళ్ళిళ్ళకి ముందు పంక్తిలోనే కూచుంటున్నారు. మొన్న ఒకచోట పక్కనున్న కవిగారు అలవాటు కొద్దీ నవల సంగతి అడిగాడు.

"పోయిందండీ" అన్నారు మాస్టారు, అప్పడం విరుస్తూ.

"అయ్యో! ఎప్పుడు?"

"పద్నాలుగో పేజీలో. నాయిక చేతిలో ఉత్తరంతో గుమ్మంలో నిలబడిపోయింది. అందులో ఏముందో నాకూ తెలీదు."

"మరి బాధగా లేదూ?"

"ఉంది. మంచం కింద చోటు కూడా ఉంది. మా ఆవిడ ఆవకాయ జాడీలు పెట్టుకుంది" అని, కవిగారి భుజానున్న బరువైన సంచీ వంక చూసి, జేబులో ఎర్రపెన్ను తడుముకుంటూ అన్నారు. "మీ మహాకావ్యం పదేళ్ళుగా నడుస్తోందటగా? ఒకసారి ఇలా ఇవ్వండి, నేనే తేదీ వేసి ఇస్తాను."