సన్‌షైన్ ప్రివెట్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: పూర్తి ఎండ. ఎత్తు 3 నుంచి 6 అడుగులు. పూయదు.

అవతారిక. అమెరికా దక్షిణ రాష్ట్రాల నర్సరీలలో సన్‌షైన్ ప్రివెట్ అనే పొద కుండీకి తగిలించే చీటీ సారాంశమిది. జార్జియాలోని ఆల్ఫారెటాలోనో, నార్త్ కరోలినాలోని కేరీలోనో కొత్త ఇల్లు కొన్న మనవాళ్ళు వాకిలి ముందు బంగారు రంగు మెరుస్తుందని నాలుగు కుండీలు తెచ్చుకుని, చీటీని చెత్తబుట్టలో వేస్తారు. కొన్నాళ్ళకు పొద ఆకుపచ్చకు తిరిగితే, ఎరువు చాల్లేదేమోనని సంచి మోసుకొస్తారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చినవాడు మెదకు సీమ వ్యాఖ్యాత మల్లినాథుడు. అంత నిష్ఠ మనకు లేదు గాని, చీటీలో లేని ఎరువు ఊసు ఎత్తకుండా ఉండగలం. బంగారు ఆకు ఈ పొదకు కలిమి కాదు, లేమి. ఆ లేమిని కాపాడటమే దీని పెంపకం. మూలంలోని మొదటి మాటకూ చివరి మాటకూ అర్థం అదొక్కటే.

ప్రతిపదార్థం. పూర్తి ఎండ అనగా రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ. పొద్దున ఓ గంట వరండా సందులోంచి తొంగిచూసే వెలుగు కాదు. ఆకుకు ఆకుపచ్చదనం పత్రహరితం వల్ల వస్తుంది. ఈ రకంలో అది తక్కువ గనుక, మామూలు ఆకుల్లో మరుగున ఉండిపోయే పసుపు రంగు ఇక్కడ పైకి తేలుతుంది. నీడలో నాటితే మొక్క దొరికిన కాస్త వెలుతురునూ వదులుకోకుండా పత్రహరితం కూడబెట్టుకుంటుంది, నిమ్మకాయ ఆకుపచ్చలోకి దిగిపోతుంది. దీనికి ప్రమాణం ఎక్కడో వెతకనక్కర్లేదు. నిండు ఎండలో ధగధగలాడే పొదనే రెండు చేతులతో విడదీసి లోపలికి చూడండి. పైన పసుపు, జానెడు లోతున ఆకుపచ్చ. ఒకే వేరు, ఒకే మట్టి, ఒకే ఎరువు; తేడా వెలుతురొక్కటే. కంచెగా కత్తిరించేటప్పుడు అడుగు వెడల్పుగా, తల సన్నగా ఉంచమనడం కూడా ఇందుకే. తల వెడల్పైతే దాని నీడ కింది కొమ్మల మీదే పడుతుంది.

మూడు నుంచి ఆరు అన్నచోట అందరూ మూడు దగ్గరే చదవడం ఆపేస్తారు. ఆపేసి, కిటికీ కింద గోడకు అడుగు దూరంలో నాటుతారు. రెండు విధులు తారసపడితే తరవాతిదే బలీయమని వ్యాకరణం వాళ్ళ మాట; ఇక్కడా అంతే, ఆరే గెలుస్తుంది. దీని మీద ఇంతకంటే టీక అక్కర్లేదు.

ఇక పూర్వపక్షి లేస్తాడు. పూజకు పువ్వు లేదు, కూరకు ఆకు లేదు, పైగా మల్లె, పారిజాతం పుట్టిన కుటుంబంలోనే పుట్టి పూయనిదాన్ని డబ్బిచ్చి కొనడమేమిటి? మన ఊళ్ళలో రోడ్ల మధ్య పసుపుగా పెరిగే డ్యురాంటా చాలదా? చాలదు. జార్జియా మంచుకు డ్యురాంటా మాడిపోతుంది. ఈ ప్రివెట్ చలికాలంలోనూ చాలావరకు ఆకుతోనే నిలుస్తుంది. పూయకపోవడం ఇక్కడ కొరత కాదు, కొనడానికి అసలు కారణం. 1852లో అలంకారానికని అమెరికా తెచ్చిన చైనా ప్రివెట్ జాతిలోదే ఇదీ. ఆ జాతి పూసి, కాసి, పిట్టలు దాని పళ్ళు తిని గింజలు వెదజల్లగా, దక్షిణాది అడవుల్లో, వాగుల గట్ల మీద దట్టంగా అల్లుకుని స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. పైగా ఆ పళ్ళు మనుషులకు విషం.

అలాంటి వంశంలోని మొక్కను ఏ రూపంలో నాటినా తప్పేనని పూర్వపక్షి రెండోసారి లేస్తాడు. ఈ ఆక్షేపం మొదటిదానికంటే గట్టిది, పూర్తిగా తోసిపుచ్చను. పూయదన్న మాట బంగారు కొమ్మకే చెల్లుతుంది. లేమి మీద నిలిచిన రంగు గనుక మొక్క అప్పుడప్పుడూ పాత ఆకుపచ్చకు మళ్ళుతుంది. ఇదే జాతిలో తెల్ల అంచు ఆకుల రకం అలా మళ్ళినప్పుడు ఆ కొమ్మలు పూసి కాయడం తోటపని చేసేవాళ్ళు ఎరిగినదే. నీడ వల్ల వచ్చిన ఆకుపచ్చా, ఈ ఆకుపచ్చా ఒకటి కావు. మొదటిది నీడవైపంతా సమంగా పరుచుకుంటుంది. నీడ తొలగిస్తే కొత్త చిగురు పసుపుగానే వస్తుంది. రెండోది నిండు ఎండలోనే, పొద నడిమి నుంచి ఒకే కొమ్మగా, చుట్టుపక్కల కొమ్మల్ని దాటి నిటారుగా లేస్తుంది. పత్రహరితం నిండుగా ఉన్న కొమ్మ గనుక బలం దానిదే. వదిలేస్తే పొదనంతా మింగేస్తుంది. హెడ్జ్ ట్రిమ్మర్‌తో పైపైన గొరిగితే అది తల తెగినచోట నాలుగు కొమ్మలేస్తుంది. చెయ్యి లోపలికి పెట్టి, అది పుట్టిన కణుపు దాకా తడుముకుంటూ వెళ్ళి, మొదట్లోనే కోయాలి. కత్తెర పట్టే ఓపిక లేనివారి విషయంలో పూర్వపక్షిదే గెలుపు. వాళ్ళు ఈ పొద జోలికి పోకూడదు.

విశేషం. బంగారు ప్రివెట్ అన్న ప్రతిదీ పూయనిది కాదు. ఇంగ్లండులోని ఆల్డెన్‌హామ్ తోటలో 1920 ప్రాంతంలో పుట్టి, ఆ తోట యజమాని వికరీ గిబ్స్ పేరుతో చెలామణీ అవుతున్న రకం కూడా బంగారు రంగుదే. కాని అది తెల్లగా పూస్తుంది, నల్లగా కాస్తుంది. నర్సరీలో రెండూ పక్కపక్కనే ఉంటే రంగు చూసి పోల్చుకోలేరు. అందుచేత కుండీ ఎత్తేముందు చీటీ తిప్పి చదవండి. పూయదని రాసి లేకపోతే, ఎంత మెరిసినా అక్కడే పెట్టేసి రండి.