గురివింద గురి

అమెరికాలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1871లో పుట్టింది జనానికి గురి నేర్పడానికి. జనానికి గురి కుదిరిందో లేదో గానీ, సంఘానికి మాత్రం కంటబడిందల్లా గురిగానే తోచింది. 2018 సెప్టెంబరులో దాని టీవీ చానెల్ ‘థామస్ అండ్ ఫ్రెండ్స్’ అనే పిల్లల కార్టూన్ మీద పడింది. నేరం? బొమ్మ రైళ్ల జట్టులోకి కెన్యా రైలొకటి వచ్చి చేరడం! ఆ రైళ్ల మొహాలకు తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ ముసుగులు తగిలించి మరీ వెక్కిరించారు. పాపం, ఆ రైలు ఎవరి తుపాకీనీ లాక్కోలేదు.

నవంబరు వచ్చేసరికి అదే సంఘం డాక్టర్లకు ట్విటర్‌లో హితవు చెప్పింది: తుపాకుల సంగతి మీకెందుకు, మీ హద్దుల్లో మీరుండండి అని. ఒంట్లోంచి తూటాలు పీకేవాళ్లకు తూటాల ఊసెందుకు మరి! డాక్టర్లు నెత్తుటి మరకల బట్టలతో ఫొటోలు పెట్టి, ఇదే మా హద్దు అన్నారు.

తుపాకీ హక్కుల కోసం కొట్లాడే అసలు పని వదిలేసి ఈ రైళ్ల గొడవేమిటని చివరికి సభ్యులే సణిగారు. 2019 జూన్‌లో ఆ చానెల్ సొంత ప్రసారాలు ఆగిపోయాయి. థామస్ రైలు మాత్రం ఆ తర్వాత కూడా నడిచింది.