అక్టోబరుకే నన్ను అటకెక్కించకండి

నేను సముద్రపు కయాక్‌ని. పొడవు ఐదు మీటర్ల పైచిలుకు, నడుము వెడల్పు 55 సెంటీమీటర్లు, బరువు 25 కిలోలు. కాపురం స్కాట్లాండ్ పడమటి తీరాన, ఓబన్ దగ్గర. ఫైబర్‌గ్లాసు అచ్చులో పుట్టినా నా వంశం గ్రీన్‌లాండ్‌ది. 1959లో కెన్ టేలర్ అనే గ్లాస్గో విద్యార్థి అక్కడి ఇగ్‌డ్లోర్సూట్ అనే పల్లె నుంచి ఒక తోలు పడవ తెచ్చాడు. దాని కొలతలే తర్వాత ఫైబర్‌గ్లాసులోకి దిగి, బ్రిటన్‌లో నాబోటి పడవలు ఎన్నిటికో మూలమయ్యాయి. మా పూర్వీకుల ఎముకలు అలలు ఒడ్డుకు తోసిన కొయ్య, చర్మం సీలుది. వాళ్లను కట్టింది సరదాకి కాదు, మంచుగడ్డల మధ్య తిండి వెతుక్కోవడానికి. అలాంటి ఇంట పుట్టిన నన్ను అక్టోబరు రాగానే చలొచ్చిందంటూ షెడ్డు దూలాలకు వేలాడదీస్తారు. మే నెలలో నాలుగు రోజులు ఎండ కాయగానే దించి, చొక్కా మీద చొక్కా కూడా లేకుండా ఎక్కి కూర్చుంటారు. నా అభ్యంతరం ఈ లెక్క మీదే. సీజను ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పవలసింది నీళ్లు. మనుషులు ఆ సంగతి ఎండని అడుగుతున్నారు.

నేల తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది. సముద్రం అలా కాదు. వేసవంతా తాగిన వేడిని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. మా తీరంలో నీళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 14 డిగ్రీల దాకా ఎక్కుతాయి. అక్టోబరులో ఇంకా 12, 13 దగ్గరే ఉంటాయి. అడుగంటేది మార్చి ప్రాంతంలో, 8కి అటూ ఇటూ. అక్కడి నుంచి మెల్లగా పైకి పాకుతూ మే నెలకి 9, 10 అందుకుంటాయి. అంటే పర్యాటకులు మురిసిపోయే మే సముద్రం, అందరూ జడిసే అక్టోబరు సముద్రం కంటే చల్లన. విశాఖ తీరంలో పెరిగినవాళ్లకి ఈ రెంటికీ తేడా తెలియకపోవచ్చు. అక్కడ జనవరిలో కూడా నీళ్లు 25 డిగ్రీల చుట్టూ ఉంటాయి కాబట్టి వాళ్ల లెక్కన మా సముద్రం ఏడాది పొడవునా ఐసు పెట్టెలో నీళ్లే. నా వాదనకి ఆ చూపే దగ్గర. ఇక్కడ చలికాలమంటూ విడిగా లేదు, పన్నెండు నెలలూ చలినీళ్లే.

చలినీళ్లు చంపేది జనం అనుకునే పద్ధతిలో కాదు. ఒళ్లు గడ్డకట్టడం ఆఖరి అంకం. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తనను తానే చలినీళ్లలో ముంచుకుని పరీక్షించి, 1-10-1 అనే గుర్తు చెప్పాడు. పడిన తొలి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణాన నోరు నీటి కింద ఉంటే కథ అక్కడితో సరి. తర్వాత పది నిమిషాలే చేతులు, వేళ్లు చెప్పిన మాట వింటాయి. శరీరం చల్లబడి స్పృహ పోవడానికి గంట వరకూ పడుతుంది. ఈతగాణ్ణి, నాకేం భయమనే వాడికి ఇందులోనే సమాధానం ఉంది. చేయి ఆడకపోతే ఈత ఎక్కడిది? అందుకే నన్ను ఎక్కేవాడు గాలికి తగ్గట్టు కాదు, నీటికి తగ్గట్టు తొడుక్కోవాలి. లోపల ఉన్ని, పైన మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలు బిగుసుకునే డ్రైసూట్, దాని మీద లైఫ్ జాకెట్. ఎండలో ఉక్కపోస్తుందనే ఫిర్యాదు మే నెలలో వింటాను, అక్టోబరులో వినను. ఆ లెక్కన ఒళ్లు కాపాడుకోవడం ఆలస్యపు సీజనులోనే సులువు!

బోల్తాపడితే తెడ్డు ఊపుతో అలాగే లేచి కూర్చునే విద్య ఉందిగా, సూట్లెందుకు అనేవాళ్లూ ఉన్నారు. మా పూర్వీకుల సవారులకి ఆ విద్య మహా బాగా వచ్చు. అయినా వాళ్లు టుయిలిక్ అనే తోలు అంగీ వేసుకుని, దాని అంచు పడవ నోటికి బిగించి, చుక్క నీరు దూరకుండా కూర్చునేవాళ్లు. విద్య ఉన్నా దుస్తులు మానలేదన్నమాట. 1930-31లో బ్రిటిష్ ఆర్కిటిక్ బృందాన్ని నడిపిన గినో వాట్కిన్స్ ఆ విద్య గ్రీన్‌లాండ్‌లోనే నేర్చాడు. యూరపు వాళ్లలో అంత పట్టున్నవాళ్లు అప్పట్లో అరుదు. 1932 ఆగస్టు 20న ఒంటరిగా సీళ్ల వేటకి వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. వయసు పాతికేళ్లు. ఆరోజు ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు గాని, నెల మాత్రం ఆగస్టు.

నీటి సంగతి అలా ఉంచి, గాలి, వెలుతురు అంటే మాత్రం నేను వాదన తగ్గిస్తాను. శరత్తులో అట్లాంటిక్ నుంచి తుపాన్లు వరసకట్టి వస్తాయి. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక సాయంత్రం అయిదు లోపే పొద్దు గుంకుతుంది. జూరా, స్కార్బా దీవుల మధ్య కొరివ్రెకన్ సుడిలో ఉధృతంగా ఉన్నప్పుడు నీటి వేగం 8 నాట్లు దాటుతుంది. నన్ను తోసే మనిషి మామూలుగా నిలబెట్టుకోగల వేగం మూడు నాట్ల దగ్గరే. ఎదురుగాలిలో అదీ ఉండదు. కాబట్టి జూన్‌లో దీవి చుట్టి వచ్చినవాడు నవంబరులో కొండల చాటున్న లోక్‌లో, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, తిరగాలి, పక్కన మరో రెండు పడవలుండాలి, మధ్యాహ్నమే వెనక్కి తిప్పాలి. వేళ్లు మొద్దుబారకుండా తెడ్డుకే తగిలించే చేతొడుగులు, జాకెట్ జేబులో నీళ్లలో తడిసినా పనిచేసే రేడియో ఉండాలి. మీ సరదాకి కాపాడేవాళ్ల ప్రాణం పణంగా పెడతారా అని అడిగేవాళ్లకి నా జవాబు ఈ ఏర్పాట్లే. అవి లేకుండా బయల్దేరేవాణ్ణి వాళ్లు తిట్టినా నేను అడ్డుపడను, మే నెలలో అలా వెళ్లేవాణ్ణి కూడా అంతే గట్టిగా తిడితే చాలు.

నేను ఒప్పుకు తీరవలసిన ఆక్షేపణ మనుషులది కాదు, సీళ్లది. బూడిదరంగు సీళ్లు ఈ తీరాల్లో పిల్లల్ని కనేది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా, అంటే సరిగ్గా నేను నా కోసం అడుగుతున్న నెలల్లో. తెల్లటి బొచ్చుతో పుట్టిన కూన మూడు వారాల దాకా పాలమీదే బతుకుతుంది. ఇంజను మోత లేని నేను నీటికి అంటుకున్నట్టు సడిలేకుండా దగ్గరికొస్తే తల్లి బెదిరి నీళ్లలోకి దూకుతుంది, కూన ఒడ్డున ఒంటరిగా మిగులుతుంది. ఆ చర్మంతో పడవలు కుట్టిన వంశం మాది కాబట్టి వాటి భయం అర్థం లేనిదీ కాదు. అందుకని ఆ నెలల్లో నా మీద వెళ్లేవాళ్లు కూనలున్న బీచీల వైపు ముక్కు తిప్పకూడదు. మధ్యాహ్నం రొట్టె తినడానికి ఆగేచోటు ముందే చూసుకోవాలి, గులకరాళ్ల ఒడ్డు ఎంత అందంగా ఉన్నా సరే.